తాఖీదూ, జ్వరమూ

"మీ పుటలో రాజకీయాలు వద్దండీ, ఇంటికి పనికివచ్చే సంగతులు వ్రాయండి" అని మొన్న ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. ఆవిడ మాట నాకు శిరోధార్యమే. ఈ వారం ఇంటి సంగతే వ్రాస్తున్నాను. వంటింట్లో బియ్యం డబ్బా, పసిపిల్లవాడి ఉయ్యాల, మూలగదిలో జబ్బుమనిషి మంచం, వీటి సంగతి. కాకపోతే వాటిని వెతుక్కుంటూ పోతే దారిలో ప్రభుత్వంవారి తాఖీదులు అడ్డు తగిలాయి. అది నా తప్పు కాదు. తాఖీదు కచేరీలో పుట్టినా, కాపురం ఉండేది మన ఇళ్ళలోనే.

యుద్ధమంటే సరిహద్దులో, చట్టమంటే కోర్టులో, జ్వరమంటే ఆసుపత్రిలో అని మనం మూడింటికీ మూడు గదులు కట్టుకున్నాం. ఆ గదుల మధ్య గోడలు లేవని తెలుసుకోవడానికి లండనూ, ఢిల్లీ పోనక్కరలేదు. తెనాలి జంక్షనులో రైలెక్కితే చాలు. మద్రాసు వైపు పోయే లైను బాపట్ల మీదుగా చీరాలకు తీసుకుపోతుంది. రెండో లైను వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరి, కృష్ణ ఒడ్డున ఆగిపోతుంది. ముందు చీరాల దాకా పోయి, అక్కడినుంచి వెనక్కి వద్దాం.

చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 1921 నాటికి గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలోది. చీరాల, పేరాల రెండూ కలిపి పదిహేనువేల జనం. నేతపనివారూ, చిన్న వర్తకులూ, కూలివారూ ఎక్కువ. ఆ రెండు ఊళ్ళనూ కలిపి మద్రాసు ప్రభుత్వంవారు మునిసిపాలిటీ చేశారు. మునిసిపాలిటీ అంటే వీధిదీపాలు, మురుగు కాలువలు, పారిశుద్ధ్యం, అంటువ్యాధుల అదుపు. వినడానికి ఎంత బాగుందో చూడండి! కాని ఏడాదికి సుమారు 4 వేల రూపాయలుండే పన్ను దాదాపు 40 వేలకు పెరిగింది. మగ్గం మీద పొట్టపోసుకునే ఇంట్లో ఆ తేడా ఎక్కడినుంచి రావాలి? కంచంలోనుంచే రావాలి. ఆరోగ్యం పేరుచెప్పి అన్నం తగ్గిస్తే ఆరోగ్యం మిగులుతుందా అని జనం అడిగారు. మాకీ మునిసిపాలిటీ వద్దు మహాప్రభో అన్నారు. పన్ను కట్టనివారిని జైలుకు పంపారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉంది.

అప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన జనం చేసిన పని మన దేశ చరిత్రలోనే అరుదైనది. మునిసిపాలిటీ హద్దు ఎక్కడిదాకా ఉందో చూసుకుని, ఆ హద్దు దాటిపోయారు! 1921 ఏప్రిల్ ఆఖరున పదమూడువేలకు పైగా జనం ఇళ్ళకు తాళాలు వేసి, ఊరి వెలుపల పాకలు వేసుకున్నారు. దానికి రామనగరమని పేరుపెట్టారు. పదకొండు నెలలు ఆ పాకల్లోనే కాపురాలు. ఎండలు ముదిరే రోజుల్లో వెళ్ళారు. వానా, చలీ అక్కడే గడిపారు. బాలింతలుంటారు, ముసలివాళ్ళుంటారు, చంటిపిల్లలుంటారు. పాకలో వాన కారితే ఏమవుతుందో ఇల్లాలికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఊరి ఆరోగ్యం బాగుచేస్తామన్న ఏర్పాటు ఊరినే ఎండకూ వానకూ అప్పగించింది. గోపాలకృష్ణయ్యగారిని అరెస్టుచేసి ఏడాది శిక్ష వేశారు. ఆ పైన ఉద్యమం చప్పబడింది. జనం తిరిగి ఇళ్ళకు చేరారు. ఆ మహానుభావుడు 1928 జూన్‌లో క్షయతో పోయాడు. నిండా నలభై ఏళ్ళు లేవు.

మురుగు కాలువ చెడ్డదని నేననడం లేదు. చీరాలకు కాలువలు కావలసిందే. కాని ఎవరి గుమ్మం ముందు కాలువ తవ్వుతామో వారిని ఒక్క మాట అడగాలి. అడగకుండా తవ్వినది కాలువ కాదు, కందకం.

చీరాల నుంచి బాపట్ల వైపు వస్తుంటే దారిలో స్టూవర్టుపురం స్టేషను. ఈ పేరు వినగానే మనవాళ్ళలో చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. చేతిసంచీ దగ్గరకు లాక్కుంటారు. ఆ లాక్కోవడాన్ని మనకు నేర్పింది ఎవరు? ఒక చట్టం. 1871లో బ్రిటిషువారు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాజధానికీ తెచ్చారు. దాని కింద ఎరుకలవారు పుట్టుకతోనే నేరస్థులైపోయారు. నేరం చేసినవాణ్ణి పట్టుకోవడం న్యాయం. నేరం చేసినవాడి కులంలో పుట్టినందుకు ఉయ్యాలలో పిల్లవాణ్ణి కూడా పట్టీలో వ్రాసుకోవడం ఏ న్యాయం?

ఈ ఎరుకలవారు అంతకుముందు ఏం చేసేవారో తెలుసునా? ఎద్దుల మీదా, గాడిదల మీదా సముద్రపు ఉప్పు వేసుకుని మెట్టసీమలకు పోయి, ధాన్యం మార్చుకుని వచ్చేవారు. రోడ్డులేని ఊళ్ళకు ఉప్పు చేర్చింది వాళ్ళే. రైళ్ళు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగిసింది, అడవి చట్టాలు మేత భూములు మూశాయి, 1876-78 కరువు మిగిలిన పశువులను తినేసింది. బ్రతుకుతెరువు పోయినవాడికి తిరగడమొక్కటే మిగిలింది. ఆ తిరగడాన్నే నేరమన్నారు. ముందు విధానం పొట్టకొట్టింది. తరువాత చట్టం ఆ ఖాళీ పొట్టకు నేరమని పేరుపెట్టింది.

1913 ప్రాంతంలో వారికోసం బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటు పెట్టి, మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ వారికి అప్పగించారు. బడి పెట్టారు, భూమి ఇచ్చారు, చీరాల పొగాకు కార్ఖానాలో పని చూపించారు. మంచి లేదనను. కాని చట్టం మాత్రం మెడమీదే ఉంది. వేలిముద్రలు వెయ్యాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. తల్లికి జబ్బుగా ఉందని పొరుగూరినుంచి కబురువస్తే ముందు పాసు, తరువాత తల్లి. ఆరేళ్ళు దాటిన పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి వేరే చోట ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. మీ ఆరేళ్ళ పిల్లవాడు బడినుంచి ఒక గంట ఆలస్యంగా వస్తే మీ గుండె ఎట్లా కొట్టుకుంటుందో ఒక్కసారి తలచుకోండి. ఆ గుండెదడ ఏ ఆసుపత్రి లెక్కల్లోనైనా ఉంటుందంటారా?

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశం మొత్తానికి 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టం పోయినా చేతిసంచీ లాక్కునే అలవాటు పోలేదు. 1970లలో హేమలతా లవణంగారు స్టూవర్టుపురంలో కూర్చుని, ఇల్లిల్లూ తిరిగి, పిల్లల చదువుకోసం పాటుబడ్డారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచడం రాజ్యాంగ విరుద్ధమని చెబుతూ, ఒకనాటి నేరస్థ జాతులనే ముద్రను జైలు నియమాల్లోనుంచి తీసివేయమన్నది. చూశారా, 1871లో పడిన ముద్ర 2024లో కూడా తుడవవలసి వచ్చింది. మరక పెట్టడం ఒక సంతకం పని. తుడవడం తరాల పని.

ఇక బాపట్లలో దిగుదాం. ఇక్కడ సాల్వేషన్ ఆర్మీ వారి కుష్ఠు ఆసుపత్రి ఉంది. చుట్టుపక్కల జిల్లాలవారికి తెలిసినదే. కుష్ఠు ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుందని హాన్సెన్ అనే నార్వే వైద్యుడు 1873లోనే కనిపెట్టాడు. అంత తేలికగా అంటుకునే జబ్బు కూడా కాదు. అయినా 1898లో బ్రిటిషిండియాలో చేసిన చట్టం జబ్బును వదిలి మనిషిని పట్టుకున్నది. దిక్కులేని కుష్ఠురోగి వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేసి ఆశ్రమానికి పంపవచ్చు. రోగి ఊరుమ్మడి బావిలో నీళ్ళు తోడుకోరాదు, బాడుగ బండి ఎక్కరాదు, కొన్ని వృత్తులు చెయ్యరాదు అని ప్రభుత్వం ఉత్తర్వు వెయ్యవచ్చు.

దీని ఫలితం మీరే ఊహించండి. చర్మం మీద స్పర్శలేని మచ్చ కనబడగానే డాక్టరు దగ్గరకు పరుగెత్తవలసినవాడు చొక్కా చేతులు కిందికి దించుకుంటాడు. పెళ్ళి కావలసిన చెల్లెలుంది మరి! మచ్చ దాగుతుంది, జబ్బు ముదురుతుంది, వేళ్ళు పోతాయి, ఇంట్లో మరొకరికి అంటుకుంటుంది. జబ్బును అరికట్టాలని చేసిన చట్టమే జబ్బుకు ముసుగు కుట్టి ఇచ్చింది. 1940లలో డాప్సోను మందు వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు కొన్ని మందులు కలిపి ఇచ్చే పద్ధతి చెప్పారు. దానితో కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బయింది. జబ్బు నయమైన ముప్ఫై అయిదేళ్ళకు, అంటే 2016లో, 1898 చట్టం రద్దయింది. కుష్ఠు ఉన్నదని విడాకులు కోరే వీలును తీసివేసినది 2019లో! మందు గుర్రమెక్కి వస్తే చట్టం ఎద్దుబండిలో వచ్చింది.

బాపట్ల నుంచి తెనాలి వస్తుంటే, తెనాలికి కాస్త ముందు చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను చంపారు. అంతకుముందు కొన్ని వారాలుగా సాంఘిక బహిష్కారం. వారికి పొలంపనులు లేవు. ప్రాణభయంతో ఊరు వదిలినవారు తెనాలికి వచ్చి తలదాచుకున్నారు. ఇది సర్కారువారి తాఖీదు కాదు, ఊరు వేసిన తాఖీదు. పని లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే పాలు లేవు, పాలు లేకపోతే చంటిపిల్ల ఏడుపు ఆగదు. కాగితం మీద వ్రాయని తాఖీదు కూడా పొయ్యి ఆర్పగలదు. 2007లో చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. అట్టి బహిష్కారాన్ని స్పష్టంగా నేరంగా చేర్చింది 2015 సవరణ చట్టం. అప్పటికి చుండూరు జరిగి ఇరవైనాలుగేళ్ళు.

తెనాలి చేరాం. ఊరి నడుమ రణరంగచౌక్‌లో ఏడు స్తూపాలున్నాయి. 1942 ఆగస్టు 9న గాంధీగారినీ, కాంగ్రెసు నాయకులనూ పట్టుకున్నారు. 12వ తేదీన తెనాలి హర్తాళు చేసింది. జనం రైలుస్టేషను మీదికి పోయారు, పోలీసులు కాల్చారు, ఏడుగురు పోయారు. ఆ స్తూపాలు వారివే. మనం ఆగస్టులో అక్కడ దండలు వేస్తాం. అయితే అదే ఏడాది తుపాకిలేకుండా ప్రాణాలు తీసిన సంగతులు రెండున్నాయి. వాటికి స్తూపాలు లేవు.

మార్చిలో జపానువారు రంగూను పట్టుకున్నారు. బర్మా బియ్యం ఆగిపోయింది. అదే నెలలో జావా కూడా వారి చేతికి పోయింది. ప్రపంచానికి కావలసిన క్వినైనులో పదింట తొమ్మిది వంతులు జావానుంచి వచ్చేది. నీలగిరి కొండల్లో సర్కారు సింకోనా తోటలున్నాయి గాని అవి ఏ మూలకు? ఉన్న క్వినైను మీద మొదటి హక్కు సైన్యానిదైంది. అంటే మలేరియా పడకమీదా, ఆకలి గుమ్మంలోనూ ఒకేసారి వచ్చి కూర్చున్నాయి. మరుసటి సంవత్సరం బెంగాలులో కరువు ఇరవై, ముప్ఫై లక్షల మందిని మింగింది. వారిలో చాలామంది ఆకలితో నీరసించి, జ్వరంతో పోయినవారే.

ఇక రెండో లైను ఎక్కి రేపల్లె పోదాం. అక్కడ మా మేనత్త ఉంది. తొంభై దాటాయి. యుద్ధం నాటికి తొమ్మిదేళ్ళ పిల్ల.

"అత్తయ్యా, యుద్ధమంటే నీకేం జ్ఞాపకం?" అని అడిగాను.

"కిరసనాయిలు సీసారా అబ్బాయీ" అన్నది. "ఆ సీసా నిండితే రాత్రి అన్నాలు దీపం ముందు. నిండకపోతే పొద్దుగూకకముందే."

"జ్వరాలొస్తేనో?"

"మా అమ్మ క్వినైను బిళ్ళ సగానికి విరిచేది. సగం నాకు, సగం తమ్ముడికి. విరిచేటప్పుడు పొడి రాలితే వేలితో అద్ది, అది కూడా మా నాలిక మీద రాసేది. చేదుకు నేను ఏడిస్తే, అది లేనివాళ్ళు ఏడుస్తున్నారే పిచ్చిదానా అనేది."

యుద్ధ చరిత్ర గ్రంథాలు నేను కొన్ని చదివాను. ఆ వేలి మీది పొడి వాటిలో కనబడలేదు.

యుద్ధం మందులు పోగొట్టడమే కాదు, ఇవ్వడమూ కద్దు. ఆ ఇవ్వడంలోనూ ఒక పాఠముంది. మన డెల్టా ఊళ్ళలో బోదకాలు ఎంత పాతదో చెప్పనక్కరలేదు. మురుగునీటి దోమ కుడుతుంది, పురుగు ఒంట్లో చేరుతుంది, కాలు ఏనుగుకాలవుతుంది. తరతరాలుగా జనం బాధపడ్డారు, ప్రపంచానికి పట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు పసిఫిక్ దీవులకు పోయి వేలాదిగా ఆ జబ్బు తగిలించుకున్నారు. అప్పుడు మందుకోసం వెతుకులాట మొదలైంది. ఆ మందు కనిపెట్టిన బృందానికి పెద్ద ఎవరు? భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు! అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో 1947లో వారు తెచ్చిన హెట్రజానే ఇవాళ్టికీ బోదకాలు మందు. 2004 నుంచి మన ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు ఏడాదికొకసారి ఇంటింటికీ తెచ్చి మింగించిన బిళ్ళ అదే. గర్వించవలసినదే. కాని గర్వంతోపాటు ఒక ప్రశ్న కూడా మింగండి: సైనికుడి కాలు వాచేదాకా రైతుకూలీ కాలు ఎవరికీ ఎందుకు కనబడలేదు?

నాకు తోచిన సమాధానం ఇది. లెక్కలోకి వచ్చినవాడి జబ్బే జబ్బు. చీరాల నేతగాడు పన్ను లెక్కలో ఉన్నాడు. ఎరుకలవాడు పోలీసు పట్టీలో ఉన్నాడు. కుష్ఠురోగి అరెస్టు జాబితాలో ఉన్నాడు. మనిషిగా ఏ లెక్కలోనూ లేరు. హక్కులంటే మరేమీ కాదు, ఆ లెక్కలో మనిషిగా ఉండడం. 1948లో అమలుకువచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి ఆరోగ్యం ప్రతి మనిషికీ మూల హక్కు అన్నది. మన రాజ్యాంగం 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ విధి అన్నది. ప్రాణాపాయంలో ఉన్నవాడికి సర్కారు ఆసుపత్రి వైద్యం నిరాకరిస్తే జీవించే హక్కుకు భంగమేనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇవన్నీ మన చేతిలో ఉన్న కాగితాలు. తాఖీదులు వాళ్ళ దగ్గరే కాదు, మన దగ్గరా ఉన్నాయన్నమాట.

"ఇవన్నీ పాతకథలు, పేదవాళ్ళ కథలు, మధ్యతరగతి వాళ్ళం మనకెందుకు?" అంటారేమో. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిది గంటలకు చెప్పి, పన్నెండుకు దేశం తలుపులు మూసిన సంగతి మరిచారా? మహమ్మారి నిజమే, జాగ్రత్త అవసరమే. కాని ఆ నాలుగు గంటల్లో ఇల్లు చేరగలిగినవాడెవడు? బియ్యం డబ్బా నిండా ఉన్న మనం చేరాం. వేరావల్ రేవులో మన కోస్తా జాలరులు వారాల తరబడి పడవల్లోనే చిక్కుబడ్డారు. డయాలిసిస్ రోగి ఆసుపత్రికి పోవడానికి పాసు చూపించాడు. ఆ పాసు పట్టుకున్న రోజున మన మధ్యతరగతికి స్టూవర్టుపురం కాస్త అర్థమై ఉండాలి.

కాబట్టి ఉత్తరం వ్రాసిన సోదరికి నా మనవి. పేపరులో ఏదైనా కొత్త తాఖీదు కనబడితే, అది మంచిదా చెడ్డదా అని మగవాళ్ళు అరుగుమీద వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి. మీరు మాత్రం ఒక్క మాట అడగండి: "ఇది ఎవరి ఒంటిమీద పడుతుందో వాళ్ళను అడిగారా?" అడగలేదని తేలితే ఊరుకోవద్దు. వార్డు సభ్యుడికి చెప్పండి, పత్రికకు కార్డు ముక్క వ్రాయండి, పదిమందిలో ఆ మాటే మళ్ళీ అనండి. జ్వరం వచ్చాక కషాయం కాచడం మీకు తెలుసు. రాకుండా చూసుకునే విద్య కూడా వంటింటిదే.